పట్టిన కరెంటు ఎక్కడ పెట్టాలి?

రిటైరు కావడానికి మూడేళ్ళ ముందు, తమిళుల ఆషాఢమైన ఆడి నెలలో, వేలూరులో నేను పనిచేసే పవర్ సప్లై కంపెనీ నన్ను గుడియాత్తం పంపింది. అప్పుడు నేను డిజైను విభాగంలో సీనియర్ ఇంజనీరును. కుప్పమ్మగారి నేతశాలలో, పెద్ద డ్రమ్ము మీది పడుగును మగ్గానికి ఎక్కించే బీము అనే రోలరుకు చుట్టే యంత్రానికి నేను డిజైను చేసిన సప్లై బిగించాలి.

బీము నూలును లాగుతుంటే, డ్రమ్ముకున్న మోటారు వెనక్కి పట్టి బిగువు నిలపాలి. అలా పట్టేటప్పుడు మోటారే జనరేటరై కరెంటును వెనక్కి తోస్తుంది. అందుకే నా సప్లై కరెంటు ఇవ్వడమే కాదు, తీసుకోవాలి కూడా. మామూలుగా కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు ఉండే చోట ట్రాన్సిస్టరు పెట్టి రెండువైపులా దారి ఇచ్చాను. వారం రోజులు రెసిస్టరు లోడుతో నడిపి, నా అంతవాడు లేడనుకుంటూ సంతకం పెట్టాను.

గుడియాత్తంలో అది నడిచింది ఒక్క నిమిషం. సప్లై తనంతట తానే ఆగింది. మోటారు పట్టు వదలడంతో డ్రమ్ము ఊరికే తిరిగి, నూలు చిక్కుపడి పుటుక్కు పుటుక్కున తెగింది. వారంలో మగ్గం ఎక్కాల్సిన పడుగు అది.

కుప్పమ్మగారు కేకలు వేయలేదు. "ఏం నాయనా, నీ పెట్టెకి పట్టుకునేది తెలిసుండాది, పట్టింది యాడ పెట్టేదో తెలీదా?" అన్నారు.

జబ్బు సరిగ్గా అదే. వెనక్కి వచ్చిన కరెంటు కరెంటును నిలవ ఉంచే ఇన్‌పుట్ కెపాసిటరులో చేరింది. అక్కడి నుంచి మెయిన్సుకు దారి లేదు. వోల్టేజి పెరిగి రక్షణ సర్క్యూటు అంతా ఆపేసింది. రెసిస్టరు ఎంత ఇచ్చినా తినేస్తుంది, ఏమీ తిరిగివ్వదు. దానితో పరీక్షిస్తే ఇది ఎలా బయటపడుతుంది? నేనూ నేత ఇంట పుట్టినవాణ్ణే; నూలు వెనక్కి లాగుతుందని మరిచినందుకు సిగ్గేసింది.

పెట్టెను ఒళ్ళో పెట్టుకుని పళ్ళికొండ మీదుగా బస్సులో వేలూరు వచ్చాను. వోల్టేజి హద్దు దాటితే, ఎక్కువైనదాన్ని ఒక రెసిస్టరులోకి మళ్ళించి వేడిగా వదిలే సర్క్యూటు చేర్చాను. ఈసారి మోటారుతోనే పరీక్షించాను. అంతా రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ కుప్పమ్మగారూ ఆమె వదినా తెగిన పోగులు ముడివేస్తూ కూర్చున్నారు.

మూడోరోజు గుడియాత్తం వెళ్ళి పెట్టెను మళ్ళీ బిగించాక, "ఇంకోతూరి తెగితే ఈ పడుగు చెత్తకుప్పకే అప్పా," అంటూ కుప్పమ్మగారే బటను నొక్కారు. రెసిస్టరు వేడెక్కింది, బిగువు చెదరలేదు. పోగుల మీద వేలు ఆనించి చూసి, "ఇప్పుడు పట్టు వచ్చినాది," అన్నారు. నా ఉద్యోగంలో అంతకు మించిన సర్టిఫికెట్ నాకు రాలేదు.

తర్వాత మా పరీక్షల పట్టికలో ఒక వరుస చేర్పించాను: "వెనక్కి తోసే లోడుతో నడిపారా?" అది ఖాళీగా ఉంటే ఏ డిజైనుకూ సంతకం పెట్టలేదు, నాదైనా సరే.