మిగతా నలభై నిమిషాలు

మంచానపడ్డవాళ్ళకు ఇళ్ళకు వెళ్ళి స్నానం చేయించే ఆమెను అందరూ నీళ్ళక్క అంటారు. నీళ్ళ వేడి మోచేత్తో చూస్తుంది. తువ్వాలుతో రుద్దదు, అద్దుతుంది. "నాది ఐదో తరగతి. అయినా పద్దెనిమిదేళ్ళలో నా చేతి కింద ఒక్కరికీ వీపున పుండు పడలేదు" అని అడగనివాళ్ళకీ చెబుతుంది. ప్రభుత్వ బడ్జెట్‌లో కోత పడి, ఆమె పనిచేసే సేవాసంస్థకు ఇకమీదట ఇంటికి గంట కాదు, ఇరవై నిమిషాలకే నిధులిస్తామన్నారు. నీళ్ళక్క ఆ నిధులు చూసే అధికారి గదికి వెళ్ళి పద్దెనిమిదేళ్ళూ ఏకరువు పెట్టింది. "స్నానానికి ఇరవై నిమిషాలు చాలవామ్మా?" అన్నాడాయన. "చాలు సార్. మిగతా నలభై వాళ్ళు మాట్లాడతారు. వారం మొత్తంలో ఆ గడప తొక్కేది నేనొక్కదాన్నే." "కబుర్లకు నిధులివ్వలేం కదమ్మా" అంటూ ఆయన సంతకం పెట్టేశాడు.

'మీరొక్క వారం ఎవరితోనూ మాట్లాడకుండా ఉండి చూడండి సార్' అనాల్సిందని బస్సులో తట్టింది. ఇంటికొచ్చి తాళం తీసి, ఆ మాట గోడకు చెప్పుకుంది. మర్నాడు, కాళ్ళు చచ్చుబడ్డ కుట్టుపని ముసలమ్మ గదిలో వేణ్ణీళ్ళ బకెట్ దించగానే, "మొహం వేలాడేశావేంటే పిల్లా?" అంది ఆవిడ. యాభై దాటిన నీళ్ళక్క స్టూలు లాక్కుని కూర్చుని మొదటినుంచీ చెప్పుకొచ్చింది. ముసలమ్మ అడ్డురాకుండా ఊ కొట్టింది. ఆ పూట నీళ్ళు రెండుసార్లు కాచాల్సి వచ్చింది.