కొర్రమట్ట కోపం

ఎనభైల నాటి మాట. హనుమకొండ దవాఖాన నుంచి జ్వరపు బిడ్డతో ఊరికి పోతున్న ఒకామె, బస్సులో మా ముందు సీట్లో కూర్చుంది. మా బావ, నేను చెరువుకు చేపల వేటకు పోతున్నాం.

బావ తన గాలాల డబ్బా తెరిచి, ఎరలు చూపిస్తూ నాకు నేర్పుతున్నాడు. "తేట నీళ్లల్ల ఇత్తడి రేకు ఎయ్యాలె. నాచు ఉన్నకాడ ఈ రబ్బరు కప్ప. గిప్పుడు కొర్రమట్ట చేప పిల్లలను కాస్తాంది. ఎర్రగ పిల్లల గుంపు కనవడ్తే నడిమిట్ల కప్పను ఎయ్యి. తల్లి ఉరికొచ్చి పడ్తది."

ఆమె వెనక్కి తిరిగింది. "దానికి గంత ఆకలా అన్నా?"

"ఆకలి గాదక్కా, కోపం. పిల్లల జోలికొచ్చిందని కప్పను కొరుకుతది." బావ నవ్వాడు.

"తల్లిని తీస్కపోతే ఆ పిల్లలను ఎవలు జూడాలె? మల్ల నవ్వుతానవా?"

"చేపల ఫికర్ నీకెందుకక్కా?"

ఆమె బిడ్డను భుజాన వేసుకుని లేచి, వెనక డోరు దగ్గర నిలబడింది. నేను వెళ్లి కూర్చోమని బతిమాలాను. "మీ దగ్గర కూసోను" అంది. కుదుపుల్లో ఊగుతూ, తన ఊరొచ్చేదాకా అలాగే నిలబడింది.

చెరువులో ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కదులుతోంది. బావ గాలం విసరబోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. దారం పళ్లతో కొరికి, రబ్బరు కప్పను గుప్పిట్లో బిగించాను. బావ తిడుతూ నా చెయ్యి మెలిపెట్టాడు. కప్పకున్న గాలపు ముల్లు అరచేతిలో దిగింది. పిడికిలి మాత్రం విప్పలేదు.