గుణశేఖర్ ఎక్కిన గోపురం

మా తాయారు మొగుడి మాట తప్ప ఇంకెవరి మాటా నమ్మదు. ఆయన పోయి మూడేళ్ళయినా అదే వరస. మద్దిలపాలెం డిపో వెనక సందులో ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడుతోంది. కొలతలు తీస్తూ కూడా ఆయన తిరిగిన ఊళ్ళ కబుర్లే చెబుతుంది. గుణశేఖర్ సరుకు ఓడల్లో వంటవాడు, ఏడాదికి తొమ్మిది నెలలు నీళ్ళ మీదే. ఆయన చెప్పిన ఊళ్ళన్నిటిలో దానికి ప్రాణం స్పెయిన్‌లోని కాడిజ్. పాత ఊరు, సముద్రం ఒడ్డున పసుపుపచ్చ గుమ్మటం ఉన్న పెద్ద చర్చి, దానికి గంటల గోపురం. నూట ఎనభై మెట్లెక్కి చూస్తే మూడు వైపులా సముద్రమే. ఇంటికొచ్చినప్పుడల్లా "నిన్నోసారి తీసుకెళ్తాను తాయారూ" అనేవాడు. తీసుకెళ్ళకుండానే పోయాడు.

నేను దాని చిన్ననాటి స్నేహితురాలిని, బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నేనూ, నాతో పనిచేసిన పుష్పా కలిసి యూరప్ టూరుకి బయల్దేరుతుంటే, కాడిజ్ దారిలో ఉంటేనే వస్తానని తాయారు భీష్మించుకుంది. ఉంది, కానీ రెండు గంటలే.

"సాలు. ఆయన నిలబడ్డ సోట నాను ఒక్క నిమిషం నిలబడతాను. మిగతా ఊళ్ళన్నీ మీరే సూసుకోండి" అంది.

చర్చి ముందు బస్సు దిగగానే పుష్ప మోకాళ్ళు పట్టుకుని కాఫీ కొట్లో కూర్చుంది. మేమిద్దరం గోపురంలోకి వెళ్ళాం. పది అడుగులు వేశాక తాయారు ఆగిపోయింది.

"మెట్లేవే?"

మెట్లు లేవు. గుండ్రంగా తిరుగుతూ పైకిపోయే ఏటవాలు దారి.

"పైన ఉంటాయేమోలే" అన్నాను. పైదాకా ఎక్కాం, మెట్లు రాలేదు. పైన నిజంగానే మూడు వైపులా సముద్రం ఉంది. అది చూడకుండా తాయారు ఫోన్ తీసింది. గుణశేఖర్‌తో పాటు ఓడలో పనిచేసి ఇప్పుడు గాజువాకలో ఉంటున్న భీమశంకరరావుగారికి చేసింది.

"అన్నయ్యా, గోపురం మీదున్నాను. ఆయన ఏ పక్కన నిలబడ్డాడు?"

నాకూ వినబడేలా ఫోన్ స్పీకర్లో పెట్టింది.

"ఆడు ఎక్కలేదు సెల్లెమ్మా. నానూ, ఓడలో ఇంకొకడూ ఎక్కినాం. ఆడు కిందన, సర్చి ఎదురు మూల మీద ఫోను డబ్బా కాడే ఉండిపోనాడు, మూడు గంటలూ. నువ్వు ఇంటికాడ లేవంట. ఇప్పుడొస్తాది ఇప్పుడొస్తాదని నిలబడిపోనాడు. ఓడకెళ్ళినాక మేం సూసిందంతా అడిగి సెప్పించుకున్నాడు, నీకు సెప్పాలని. మెట్లు మటుకు ఆడే కలిపీసినట్టున్నాడు."

నాకు ఆ రోజు గుర్తుంది. పాతికేళ్ళ కిందటి మాట. అప్పుడు వాళ్ళింట్లో ఫోన్ లేదు, పక్కింటి వెంకటరమణమ్మగారింటికే వచ్చేది. ఫోన్ రావచ్చు, ఇంట్లో ఉంటానన్నదాన్ని నేనే రెక్క పట్టుకుని మ్యాట్నీకి లాక్కుపోయాను. సినిమా అయ్యాక తీరిగ్గా పకోడీలు కూడా తిన్నాం. ఇల్లు చేరేసరికి ఆరు. వెంకటరమణమ్మగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు, అప్పటికి ఐదుసార్లు మోగిందట. ఆరోసారి మోగితే రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఊరెలాగుందని ఇది అడిగింది. "గోపురం ఎక్కేను, సానా బాగుంది" అన్నాడాయన. ఎంతసేపు నిలబడ్డాడో మాటవరసకైనా చెప్పలేదు. నేను లాక్కెళ్ళిన ఆ సినిమా పేరు కూడా నాకిప్పుడు గుర్తులేదు.

"తప్పు నాదేనే" అన్నాను.

"నోరుమూసుకుని దిగు" అంది.

చర్చి ఎదురు మూల దగ్గరికి వెళ్ళాం. ఫోన్ డబ్బా ఎప్పుడో తీసేసినట్టున్నారు. రంగు వెలిసిన గోడ ఒకటి మిగిలింది. తాయారు ఆ గోడకి ఎదురుగా, చర్చికి వీపుపెట్టి నిలబడింది.

"ఇంకొక్కసారి మోగితే బాగుణ్ణే. ఈసారి ఎక్కడికీ ఎల్లను. ఆ ఫోను పక్కనే కూకుంటాను."

దాని భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఇంతలో పుష్ప కుంటుకుంటూ వచ్చింది. "బస్సుకి టైమైపోతంది. ఇటు తిరుగు తాయారూ, గుమ్మటం పడేలాగ ఓ ఫొటో తీస్తాను" అంది.

"గుమ్మటం వొద్దు. ఈ గోడ పడీలాగ తియ్యి. ఆయన సూసింది ఇదే గదా."

పుష్పకి ఏమీ అర్థంకాక ఫోన్ నా చేతిలో పెట్టింది. నేనే తీశాను.

ఆ ఫొటో ఇప్పుడు తాయారు కుట్టుమిషను ఎదురుగా ఉంది. జాకెట్లు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఇదేం ఊరని అడిగితే కాడిజ్ అంటుంది. మా ఆయన గోపురం ఎక్కిన ఊరని చెబుతుంది. మెట్లెన్ని అంటే నూట ఎనభై అంటుంది.