విమానంలో గంటన్నర

సూరత్ నుంచి హైదరాబాద్‌కు విమానంలో గంటన్నర. రైల్లో దాదాపు ఒక రోజు. బతుకుదెరువుకు సూరత్ వచ్చిన మావాళ్లు ఎప్పుడూ రైలే ఎక్కారు కాబట్టి, ఊరి నుంచి చావు కబురు చెప్పే పద్ధతి కూడా రైలుకు తగ్గట్టే ఉండేది. పోయారని చెప్పేవారు కాదు. "జర సీరియస్ ఉన్నది, బయలెల్లుండ్రి" అనేవారు. అంతసేపు ఏడుస్తూ ప్రయాణం చేయలేమని వాళ్ల ఆలోచన. తాతకూ అంతే, చిన్నాయనకూ అంతే. సీరియస్ అన్న మనిషిని ఊపిరితో చూసిన పాపాన నేను పోలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో ఒక పొద్దున హైదరాబాద్ నుంచి బావ ఫోన్ చేశాడు. అక్క ఆస్పత్రిలో చేరి అప్పటికి నాలుగు రోజులు. "మీ అక్కకు సీరియస్ ఉన్నదిరా. విమానంల రా, జల్ది" అన్నాడు. అక్క పోయిందనే అనుకున్నాను. అమ్మానాన్నలు ఇద్దరూ మగ్గాల మీద పనికి పోతే, సూరత్‌లో లింబాయత్ బస్తీలోని మా ఒంటిగదిలో నాకు అన్నం తినిపించి పెంచింది అక్కే.

మధ్యాహ్నం విమానంలో ఒక్క సీటు ఉంది. నా భార్య వద్దంది. "ఒక్కరే పోయి ఎట్ల ఏడుస్తరు? పిల్లలను గూడ తీస్కొని కార్ల పోదాం. ఇప్పుడు ఉరికితే ఏమొస్తది?" నాకూ సబబుగానే తోచింది. కరోనాతో పోయిన మనిషిని ఎలాగూ ఇంటికి ఇవ్వరు, ఇక తొందరేముంది అనుకున్నాను. అంత తెలివిగా ఆలోచించిన నా బుర్రను ఇప్పటికీ తిట్టుకుంటాను.

మహారాష్ట్ర పొడుగునా పోలీసులు ఆపి కాగితాలు చూశారు. దారిలో బావ ఫోన్ చేశాడు. కార్లో వస్తున్నామంటే, "సరే, జల్ది రాండ్రి" అన్నాడు. అక్క ఎలా ఉందని నేను అడగలేదు. పోయిన మనిషి గురించి అడిగి ఆయన చేత అబద్ధం ఎందుకు చెప్పించాలి అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆస్పత్రి గేటు దగ్గర బావ ఒక్కడే నిలబడి ఉన్నాడు. "ఎప్పుడు పోయింది బావా?" అన్నాను.

"ఇప్పుడే. గంట గూడ గాలే."

"మరి నిన్న నువ్వు ఫోన్ జేసినప్పుడు?"

"మాట్లాడుతనే ఉండెరా. నర్సమ్మ ఫోన్ల నిన్ను సూపిస్త అంటే వద్దన్నదట. మా తమ్ముడు విమానంల వస్తుండు, గంటన్నరల ఇక్కడుంటడు, అద్దంలకెల్లి వాని ముఖమే సూస్త అన్నదట."

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను. బావ వంగి నా భుజం మీద చెయ్యేశాడు. "విమానంల జాగ దొరకకుంటే నువ్వేం జేస్తవ్‌రా" అన్నాడు.

సీటు ఉండిందని ఆయనకు ఈరోజు దాకా చెప్పలేదు.