మామ బెత్తం, బడి ఫోను

మొన్న మా అమ్మాయి బడి పక్కన ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. ఆ సంగతి నాకు తెలిసేలోపే, పిల్లలందరూ క్షేమమని టీచర్ పంపిన మెసేజీ ఫోన్లో ఉంది. భయపడే అవకాశం కూడా ఇవ్వలేదు మహాతల్లి. ఆ మెసేజీ చూస్తూ కూర్చుంటే తొంభైల చివర్లో మద్రాసు సౌకార్‌పేటలోని తెలుగు బడి, అందులో సోషల్ చెప్పే మా మామ గుర్తుకొచ్చి, చేస్తున్న పని కాస్తా ఆగిపోయింది.

కంప్యూటర్ కోర్సు ముగించి ఇంట్లో ఊరికే ఉన్న నన్ను, టీచర్లకు ఇంటర్నెట్ నేర్పమని మామే లాక్కెళ్లాడు. బడి మొత్తానికి ఒకటే ఫోను. దాని తీగె తరగతి గదిలోకి లాగి కంప్యూటర్‌కు తగిలిస్తే, కీచుమని మూలిగి మూలిగి ఇంటర్నెట్ వచ్చేది. అది ఉన్నంతసేపూ బయటినుంచి ఎవరు ఫోన్ చేసినా ఎంగేజ్ మోతే. నేర్చుకోవడంలో మామ అందరికంటే చురుకు, కొట్టడంలోనూ అంతే. ఆముదం పట్టించిన బెత్తం లేకుండా ఆయన పాఠం చెప్పగా ఎవరూ చూడలేదు. కనెక్షన్ తెగితే బెంచీ మీద ఒకటి, పిల్లలు నవ్వితే వాళ్ల మీద రెండు. మౌసు పట్టుకోవడం రాని లెక్కల టీచరమ్మ వేళ్ల మీదికి కూడా ఒకసారి బెత్తం ఎత్తి, ఆవిడ చూసిన చూపుకి దించేశాడు. బజారులో సగంమంది వ్యాపారులు తన దగ్గర తన్నులు తిన్నవాళ్లేనని, కనబడితే చేతులు వెనక్కి దాచుకుంటారని గొప్పగా చెప్పుకునేవాడు. విని నేనూ నవ్వేదాన్ని.

ఆ రోజు ఆరో తరగతికి అగ్నిపర్వతం బొమ్మ చూపిస్తున్నాడు. తెర మీద పైనుంచి గీతగీతగా దిగుతోంది. పొగ వచ్చింది, కొండ ఇంకా రాలేదు. బజారులో ఏదో తగాదా ముదిరి రాళ్లు రువ్వుకుంటున్నారని, బస్సు తగలబెట్టారని మాకు తెలియదు. ఎవరికో ఫోన్ చేసుకోవాలి, లైను వదలమని హెడ్‌మిస్ట్రెస్ ఆయాను పంపితే, "ఇంకొంచెమే దా ఉండాది, పో" అని మామ బెత్తం ఊపాడు.

కాసేపటికి గేటు విరిగిన చప్పుడైంది. తలుపు తన్ని లోపలికొచ్చినవాడు పసుపు కొట్టు యజమాని. ఆ తరగతిలో ఒక పిల్లకు తండ్రి, మామకు పాత శిష్యుడు. నుదుటికి రాయి తగిలి రక్తం చొక్కా దాకా కారింది. కూతుర్ని చూశాడు. చూసి స్థిమితపడతాడనుకుంటే, తీగె పట్టి ఒక్క గుంజు గుంజాడు. మానిటర్ కిందపడి భళ్లున పగిలింది. పిల్లలు గోడకు అతుక్కుపోయారు.

"మధ్యాన్నం నించి ఫోన్ చేస్తా ఉండా సార్. ఎప్పుడు జూసినా ఎంగేజ్. పిల్ల ఉండాదో లేదో తెలీక రాళ్లల్లో పరిగెత్తుకోని వచ్చినా. ఈడ మీరు బొమ్మ జూస్తా ఉండారా?"

మామ ఏదో చెప్పబోయాడు. అతను బల్ల మీది బెత్తం చేతిలోకి తీసుకున్నాడు.

"చెయ్యి చాపండి సార్."

అంత కోపంలోనూ 'మీరు' అనడం మానలేదు. మామ చెయ్యి చాపాడు. పిల్లలందరి ముందూ చాపాడు. అతను బెత్తం చీలేదాకా కొట్టాడు. నేను అడ్డం వెళ్తే మోచేత్తో తోశాడు, బెంచీ అంచు తగిలి నా పెదవి చిట్లింది. చేతికేది దొరికితే దానితో అతన్ని చంపేయాలన్నంత కోపం వచ్చింది నాకు. చివరికి అతని కూతురే "పోదాం వా నాయనా" అని చొక్కా పట్టుకు లాగింది. బెత్తం పారేసి, పిల్లను పొదువుకుని, వెక్కివెక్కి ఏడుస్తూ వెళ్లిపోయాడు.

గొడవలు సద్దుమణిగాక ఆటోలో ఇంటికొస్తూ పోలీసులకు చెబుదామన్నాను. మామ వాచిన అరచెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు.

"వాణ్ణి ఆ గదిలోనే దినామూ కొట్టినా పాపా. ఎందుకు కొట్టినానో ఒక్కటి కూడా గ్యాపకం రాలా" అన్నాడు.

ఏ రాజు ఏ సంవత్సరంలో పట్టమెక్కాడో నిద్రలో అడిగినా చెప్పే మనిషి. కొట్టినవాడికి ఎప్పుడో గడిచిపోయిన రోజు, దెబ్బ తిన్నవాడికి ఇంకా గడవలేదు.