సార్ చదివేవారు

సార్ పోయి తొమ్మిది రోజులైంది. దశదిన కర్మ కూడా కాకముందే ఇలా రాయడం బాగుండదని ఇంట్లో అన్నారు. కానీ ఇప్పుడే రాయాలి. ఆయన పోవడంతో ఒక పని సగంలో ఆగిపోయింది. దానికి ఈ నెల ఇరవై ఎనిమిది దాకానే గడువు. నా ఒక్కదానితో అయ్యే పని కాదది.

నాకు ఆయన లెక్కల ట్యూషన్ సార్. టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. శాలిబండ గల్లీలో వాళ్లకు మాత్రం, పొద్దున్నే కాగితాలు ముందేసుకుని కూర్చునే పెద్దమనిషి. ఆ కాగితాలేమిటో ఎవరూ అడగలేదు. మీ ఫోన్ నుంచి వెళ్లే మాటను దారిలో ఇంకెవరూ చదవలేకుండా మార్చే ప్రోగ్రాములు ఉంటాయి. అలాంటి ఒకదాన్ని సార్ ఏళ్ల తరబడి కాపాడుకుంటూ వచ్చారు. అది ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి చదవొచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు. ‘ఇంతమంది చూస్తారు కాబట్టే ఇది భద్రం’ అని సభల్లో చెప్తుంటారు. ఇంతమంది వాడుతున్నారు, నిజమే. వచ్చిన ప్రతి సవరణనూ చదివింది మాత్రం శాలిబండలో ఒక్క మనిషి.

నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా ఆయన ఆ ప్రోగ్రాములోంచి అచ్చు తీసిన రెండు పేజీలు, ఒక పెన్సిల్ నా చేతికి ఇచ్చారు.

“అర్థమైన కాడ కాదు బిడ్డా, అర్థం కాని కాడ టిక్కు పెట్టు.”

మా బాపు ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. అర్థం కాలేదని పైకి చెప్తే బడి మాన్పిస్తారేమోనన్న భయంతో పన్నెండేళ్లు తలూపుతూనే చదివాను. ఆ రోజు కూడా మూడు టిక్కులు పెట్టి ఇచ్చేశాను. ఆయన కాగితం చూసి, నా ముఖం చూశారు.

“మూడేనా? నాకే ఐదు కాడ సమజ్ గాలే. మళ్ల చదువు.”

రెండోసారి పదిహేడు పెట్టాను. వారం తర్వాత చూస్తే ఆ ప్రోగ్రాములో నాలుగు చోట్ల మార్చి రాశారు. “చదివినోళ్లకు అర్థం గాలేదంటే తప్పు రాసినోనిది” అన్నారు. నాకు తెలియకపోవడం కూడా ఒకరికి పనికొస్తుందని అప్పుడే తెలిసింది.

ఉద్యోగంలో చేరాక నేనూ సవరణలు పంపసాగాను. కొన్నాళ్లకు, వచ్చిన సవరణను ఒప్పుకుని ప్రోగ్రాములో కలిపే హక్కు నాకు కూడా ఇచ్చారు. అంతకుముందు ఆ హక్కున్న ఇంకొకాయన వేరే పనుల్లో పడి వదిలేశారట. మూడు నెలలు తిరక్కుండానే నేను తప్పు చేశాను.

వచ్చిన రహస్య సంకేతం సరైనదా కాదా అని పోల్చి చూసే భాగం ఒకటుంది. మొదటి అక్షరమే తప్పని తేలాక కూడా అది చివరిదాకా పోలుస్తూ కూర్చుంటోంది. ఎందుకీ దండగ అనుకుని, తప్పు కనబడిన చోటే ఆగేలా మార్చాను. వేగం పెరిగింది. సార్ అప్పుడు కంటి ఆపరేషన్ చేయించుకుని కట్టుతో ఉన్నారు. నేను రాసిందాన్ని నేనే ఒప్పుకుని కలిపేశాను.

కట్టు విప్పాక ఆయన చేసిన మొదటి పని దాన్ని తీసేయడం. కింద అందరికీ కనిపించేలా ఒక్క వాక్యం రాశారు. ‘దీన్ని ఎవరూ చదవలేదు.’ కోపంతో షేర్ ఆటో పట్టుకుని వెళ్లాను.

“మంచిగనే పని చేస్తుంది గద సార్? ఇంకా జల్ది అయితుంది!”

“జల్ది ఎవలికి? మనకా, దొంగకా?”

బీరువా మీది సూట్‌కేసును నాతో దించించి దాని నంబరు తాళం చూపించారు. “మొదటి నంబర్ తప్పయితే దబ్బున, మూడోది తప్పయితే జర ఆగి ‘కాదు’ అని చెప్పే తాళం అనుకో. ఎన్ని నంబర్లు కుదిరినయో దొంగకు ఎర్కైతది. చేతికి గడియారం ఉంటే సాలు వానికి.”

సార్ భార్య, మా ఆంటీ, వంటింట్లోంచి అరిచారు. “పోరిని జర చాయన్న తాగనియ్యిన్రి. ఒక్కటే లొల్లి!”

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ ఒకటే నియమం. రాసినవాళ్లు ఒప్పుకోకూడదు, ఇంకొకరు చదివాకే కలపాలి. సార్ తనను కూడా అందులోంచి మినహాయించుకోలేదు. మా అమ్మకు డెంగీ వచ్చి నేను ఇరవై రోజులు దేన్నీ ముట్టుకోనప్పుడు ఆయన సవరణ నా దగ్గరే ఆగి ఉంది. రోజూ ఫోన్ చేసి అమ్మ సంగతి అడిగేవారు గానీ, తన పేజీల మాట ఎత్తలేదు. నేనే ఎత్తితే, “ఫికర్ జెయ్యకు. చదివినంకనే చెప్పు” అన్నారు.

ఇప్పుడు మా ప్రోగ్రాములో ఒక లోపం బయటపడింది. కనిపెట్టినవాళ్లు ముందుగా మాకు చెప్పి, దిద్దుకోవడానికి ఇరవై ఎనిమిది దాకా సమయమిచ్చారు. ఆ రోజు అందరికీ చెప్తారు. అందరిలో దొంగలూ ఉంటారు. సవరణ నేను రాశాను, ఏడు పేజీలు. సార్ దాన్ని చదువుతున్న రోజుల్లోనే ఆయన గుండె ఆగింది.

పలకరించడానికి వచ్చిన పాత సహోద్యోగి ఒకాయన, “రిటైరైనంక కాలక్షేపానికి కంప్యూటర్ పట్టిండు” అన్నారు. కాలక్షేపం! ఈ ప్రోగ్రామును వాడే ఒక పెద్ద కంపెనీకి సార్ పోయారని రాస్తే రెండు వాక్యాల జవాబొచ్చింది. మొదటిది సానుభూతి. రెండోది, సవరణ ఎప్పుడు విడుదలవుతుందని. చదవడానికి మీ దగ్గర్నుంచి ఒక్క మనిషిని ఇవ్వండి అని తిరిగి రాశాను. ఐదు రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. ఆఫీసులో నా పక్క సీటు అన్న అయితే, “నీకు పర్మిషన్ ఉంది గద? నొక్కెయ్. సార్ ఏమన్న లేచొచ్చి చూస్తడా?” అన్నాడు.

సవరణను కలిపేసే ఆ బటన్ నొక్కగలను. క్షణం పని. నొక్కకుండా ఇరవై ఎనిమిది దాటితే, ఎవరికి ఏ నష్టం జరిగినా అందులో నా వంతు ఉంటుంది. నొక్కితే, ఒక కన్నం పూడ్చబోయి ఇంకొకటి పెట్టానేమో నాకు తెలియదు. ఎవరి తప్పు వాళ్లకు కనబడదు. ఈ మాట ఎవరికి చెప్పినా విసుక్కుంటున్నారు. నాకూ విసుగ్గానే ఉంది, సార్ మీద కూడా. ఇన్నేళ్లలో మూడో మనిషిని ఎందుకు తయారు చేయలేదు? ఆయనను అంటున్నాను గానీ, నేనైనా చేశానా?

మొన్న ఆంటీ ఆ పేజీలు తెచ్చిచ్చారు. “నాకేం తెల్వది బిడ్డా, నీయే గద, తీస్కపో” అన్నారు. నాలుగో పేజీ అడుగు దాకా పెన్సిల్ పడింది. అయిదోది తెల్లగా ఉంది.

ఇది చదివేవాళ్లలో ఈ పని తెలిసినవాళ్లు ఒక్కరు కావాలి. లోపమేమిటో ఇక్కడ చెప్పలేను. ఈ పత్రికకు రాస్తే నాకు అందుతుంది. మీరు ఇదివరకు చేసిన పని ఏదైనా చూపిస్తే పేజీలు పంపుతాను. సార్ చూశారు కదా అని ఆ నాలుగు పేజీలను వదిలేయకండి, మొదటి వరుస నుంచీ చదవాలి. దానికి వారమైనా పడుతుంది. కాబట్టి, చదువుతాననో చదవలేననో, ఈ నెల పద్దెనిమిదిలోగా జవాబు రాయండి.