పాటలాయన మాట్లాడిన రోజు

ఆ సెలూన్‌కి బోర్డంటూ ఒకటుంది గానీ, దాని మీద పేరు ఎండకీ వానకీ ఎప్పుడో వెలిసిపోయింది. జనం దాన్ని పాటల సెలూన్ అంటారు. అందులో కత్తెర పట్టినాయన్ని పాటలాయన అంటారు. పొద్దున్నే షట్టరెత్తగానే అద్దం పక్క అరలో ఉన్న చిన్న స్పీకరు పాట అందుకుంటే, మళ్ళీ షట్టరు దించేదాకా ఆపదు. అంత సంగీతప్రియుడా అంటే, అబ్బే, అదేం లేదు. ఆయనకి నత్తి. మెడకి గుడ్డ కట్టించుకుని కుర్చీలో కూర్చున్న మనిషికి నోరు ఊరుకోదు కదా! పెరిగిన ధరల దగ్గర్నుంచి వియ్యంకుడి బుద్ధుల దాకా అన్నీ మాట్లాడాలి. ఎదుటివాడు ఊఁ కొడితే చాలదు, జవాబు కూడా చెప్పాలి. అదే పాట మోగుతోందనుకోండి, వచ్చినవాడు తనూ కూనిరాగం తీస్తాడు, వంచమన్నప్పుడు తల వంచుతాడు, పని కానిచ్చుకుని పోతాడు. ఆ పాటల చాటున పాటలాయన ఇన్నేళ్ళూ హాయిగా తలదాచుకున్నాడు.

ఇక ఆయన భార్య. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఆ ఇంటికి రావాల్సిన మాటలన్నీ ఆవిడ ఒక్కదాని వాటాకే వచ్చాయి. బస్టాండులో విచారణ కౌంటర్ ఆవిడది. అద్దానికున్న చిన్న కంతలోంచి ప్రయాణికుడు నోరు తెరిచీ తెరవకముందే "వెళ్ళిపోయింది, ఇంకో గంటకుంది, చివరి ప్లాట్‌ఫారం, మంచినీళ్ళు ఎడమవైపు" అని చెప్పేస్తుంది. మొదటి అక్షరం చెవిన పడితే చాలు, మిగతా ప్రశ్న ఆవిడకి తెలిసిపోతుంది. బస్టాండు మొత్తానికి ఎంక్వైరీ అక్క ఆవిడ. ఆ విద్యేదో కౌంటర్‌లోనే వదిలేసి ఇంటికొస్తే బాగుండేది. వదల్లేదు.

కాపురం పెట్టిన కొత్తలో "ఏం తాగుతారండీ?" అని అడిగింది. టీ అనబోయాడు పాపం, మాట పెగల్లేదు. "కాఫీయేగా, తెస్తానుండండి" అని లేచిపోయింది. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆయన కాఫీయే తాగుతున్నాడు. సెలూన్ గోడలకి తెల్లరంగు వేయిద్దామని ఆయన ఇంకా మాటలు కూడదీసుకుంటుండగానే, "తేనెరంగేగా? భలే ఉంటుంది!" అంది. పెయింటరు డబ్బా మూత తీసేశాడు కూడా. కాదని చెప్పడానికి పడే అవస్థ కంటే తేనెరంగు గోడల మధ్య బతకడమే ఆయనకి తేలికనిపించింది.

అలాగని ఆవిణ్ణి తప్పుపట్టడానికీ లేదు. ఇంటి ఓనరు దగ్గర, కూతురి బడిలో, బ్యాంకులో, ఎక్కడైనా సరే, ఆయన మాట ఇరుక్కుని ఎదుటివాళ్ళ పెదాల మీదకి నవ్వు రాబోతోందంటే ఆవిడ అడ్డం పడి మిగతాది చెప్పేసేది. తన మొగుణ్ణి చూసి ఒకళ్ళు నవ్వితే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. అది ప్రేమే, ఆయనకీ తెలుసు. కాకపోతే తాను మొదలుపెట్టిన వాక్యం ఒక్కటైనా ఆవిడ ముందు తన గొంతుతో పూర్తి కాలేదన్న బాధ మాత్రం ఆయన్ని లోపల్లోపలే తినేసేది.

ఆవిడ రిటైరయ్యే రోజులొచ్చాయి. బస్టాండు మేడమీద స్టాఫ్ క్యాంటీన్‌లో వీడ్కోలు సభ పెట్టారు. "మీవారు కూడా ఓ రెండు ముక్కలు మాట్లాడాలి" అన్నాడట మేనేజరు. "ఆయన బదులు నేనే చెప్పేస్తాలెండి" అని నవ్వేసిందట. ఆ సంగతి ఇంటికొచ్చి నవ్వుతూనే మొగుడికి చెప్పింది. ఆయన చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. తన పెళ్ళాం గురించి తను చెప్పాల్సిన మాట కూడా ఆవిడే చెప్పుకోవాలా? ఛీ, ఇదేం బతుకు అనిపించింది. ఏది ఏమైనా ఈ ఒక్కసారికి తన మాటని తన గొంతుతో, మొదలు నుంచి తుది దాకా, ఆవిడకి వినిపించి తీరాలనుకున్నాడు.

దానికో ఉపాయం ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేకపోతే ఆయన గడగడా మాట్లాడగలడు. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ షట్టరు సగం దించి, ఖాళీ కుర్చీకి ఎదురుగా నిలబడి ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. బయట ఏ బండో హారన్ కొడితే చెరిపేసి మళ్ళీ మొదటికి రావడం. అలా చచ్చీ చెడీ చక్కటి ప్రసంగం ఒకటి తయారుచేశాడు. క్యాంటీన్‌లో చక్రాల స్పీకరు పెట్టె ఉంది, ఫోన్ బ్లూటూత్‌తో దానికి కలుస్తుంది. తను పక్కన నిలబడి వేలితో నొక్కితే చాలు. ఈ రహస్యం తెలిసింది బావమరిది ఒక్కడికే. అతను ఆ బస్టాండులోనే డ్రైవరు. ఫోన్ల విషయంలో తనంత మొనగాడు లేడని అతని నమ్మకం.

ఆ మొనగాడే కొంప ముంచాడు. సభకి ముందురోజు గడ్డం చేయించుకోవడానికొచ్చి, అరలో ఉన్న ఫోను అందుకున్నాడు.

"బావా, అప్‌డేట్ చెయ్యమని ఇది ఎన్నాళ్ళుగా మొత్తుకుంటోందో చూశావా? రేపు సరిగ్గా ప్రసంగం మధ్యలో అడ్డం పడిందంటే పరువు పోతుంది" అని నొక్కేశాడు.

మర్నాడు షట్టరెత్తితే స్పీకరు పాడదు. ఫోన్లో స్పీకరు పేరు కనిపిస్తుంది, కలుస్తున్నానంటుంది, గిర్రున తిరుగుతుంది, కలవలేకపోయానంటుంది. వైఫైదీ అదే వరస. బాగా నడుస్తున్నదాన్ని బాగుచెయ్యమని ఈ కంపెనీల వాళ్ళనెవరడిగారో తెలీదు గానీ, పాటలాయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఫోన్ ఆపి మళ్ళీ వేశాడు. బ్లూటూత్ ఆపి వేశాడు. విమానం బొమ్మ నొక్కి తీశాడు. జాబితాలోంచి స్పీకర్ని తీసిపారేసి, కొత్తగా పరిచయం చేస్తున్నట్టు మళ్ళీ మొదట్నుంచి జత కలపబోయాడు. ఊహూఁ. ఉన్న గిరాకీని కూర్చోబెట్టి మొబైల్ షాపుకి పరిగెత్తాడు. అక్కడి మెకానిక్ ఆ ఫోను చూడగానే దండం పెట్టేశాడు.

"అప్‌డేట్ చేశారా? పొద్దున్నుంచీ ఈ మోడల్ వాళ్ళందరిదీ ఇదే గోలండీ. సెట్టింగులన్నీ చెరిపేసి కూడా చూశాను, లాభం లేదు. ఇక కంపెనీవాళ్ళే ఇంకో అప్‌డేట్ పంపాలి."

"ఎ... ఎ..."

"ఎప్పుడంటారా? వాళ్ళ దయ, మన ప్రాప్తం."

ఇతనూ ఎంక్వైరీ అక్క బాపతే. పాటలాయన ఫోను జేబులో వేసుకుని వెనక్కొచ్చాడు. పాట లేని సెలూన్‌లో కత్తెర చప్పుడు తప్ప ఇంకేం లేదు. గుడ్డ కట్టించుకుని కూర్చున్న పెద్దమనిషి ఆవులించి, "ఏంటి, ఇవాళ పాటల్లేవు?" అని అడిగాడు. ఫోను చెడిపోయిందన్న ఆ చిన్నమాట చెప్పడానికి పాటలాయనకి చెమటలు పట్టాయి. పెద్దమనిషి ఏమీ అనుకోలేదు, "మాదీ అంతే" అని కళ్ళు మూసుకున్నాడు.

మధ్యాహ్నం బావమరిది వచ్చి, సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "నాదే బుద్ధితక్కువ బావా. పోనీ ఆ రికార్డింగు నా ఫోన్‌కి ఎలాగోలా ఎక్కించు, దాంట్లోంచి వేసేద్దాం."

పాటలాయన తల అడ్డంగా ఊపాడు. "ము... ముందు మీ అక్క వినాలి." బావమరిది ఫోన్లో పడిందంటే సాయంత్రం సభలోపే డిపో అంతా వినేస్తుందని ఆయనకి తెలియనిదా!

"అయితే ఫోన్ని తీసుకెళ్ళి మైకు మూతి దగ్గర పెట్టెయ్. మాట వినబడితే చాలు కదా!"

చేసేదేం లేక సరేనన్నాడు.

క్యాంటీన్‌లో బల్లలన్నీ గోడవారకి జరిపి కుర్చీలు వేశారు. డ్రైవర్లు, కండక్టర్లు, ఊడ్చేవాళ్ళు, డ్యూటీ మధ్యలో పరిగెత్తుకొచ్చినవాళ్ళు, కుర్చీ దొరక్క కిటికీల్లో కూర్చున్నవాళ్ళు. ముందు వరసలో ఎంక్వైరీ అక్క. మేనేజరు చాలాసేపు మాట్లాడి, "ఇప్పుడు అక్కగారి శ్రీవారు" అనగానే ఆవిడ కంగారుగా సగం లేచింది. కూర్చోమని చెయ్యూపి, పాటలాయన మైకు దగ్గరికెళ్ళాడు. ఫోన్ని దానికి ఆనించి నొక్కాడు. పెట్టె కీచుమని ఒక కూత పెట్టి, ఆ తర్వాత పలికింది.

"సభకు నమస్కారం. నా జీవితంలో ఇది మరపురాని రోజు. నా అర్ధాంగి గురించి..."

ఎక్కడా తడబాటు లేదు. ఎంక్వైరీ అక్క వెనక్కి తిరిగి చూసింది. తలుపు వైపు చూసింది. పక్కన కూర్చున్నావిడ మీదకి వంగి, "ఎవరే ఆ మాట్లాడుతోంది?" అని అడిగింది.

ఆ మాట పాటలాయన చెవిన పడనే పడింది. నిజమే కదా, ఆవిడకెలా తెలుస్తుంది? ఆ గొంతు సెలూన్‌లో ఖాళీ కుర్చీకి తెలుసు గానీ, పక్కన కాపురం చేసిన మనిషికి తెలీదు. తన మాట వినిపిస్తానని బయల్దేరినవాడు ఎవడో పరాయివాణ్ణి తెచ్చి మాట్లాడిస్తున్నాడు. ఫోన్ ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. వెనక వరసలోంచి బావమరిది "నొక్కు బావా, నొక్కు!" అని చేతులు ఊపుతూనే ఉన్నాడు.

"నే... నే..."

ఎవరో దగ్గారు. ఎవరో కుర్చీ జరిపారు. పాటలాయన మైకు కర్రని గట్టిగా పట్టుకున్నాడు.

"నేను మొ... మొదటిసారి ఈ బస్టాండుకొచ్చి, కౌంటర్‌లో ఒక ఊరికి బ... బస్సడగబోయాను. పూర్తి చేసేలోపే ఈవిడ వే... వేరే ఊరి పేరు చెప్పి, బస్సు కదుల్తోంది, ప... పరిగెత్తండి అంది." ఊపిరి తీసుకున్నాడు. "ప... పరిగెత్తాను."

క్యాంటీన్ గొల్లుమంది. "మరి దిగిపోలేదా?" అని కిటికీలోంచి ఒక కండక్టరు అరిచాడు.

"లే... లేదు. ఆ ఊరు చూ... చూసొచ్చాను. బా... బాగానే ఉంది."

ఈసారి నవ్వులకి పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. ఎంక్వైరీ అక్క నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యయ్యో! ఇన్నేళ్ళలో ఒక్కనాడు చెప్పలేదేమండీ!"

"నువ్వు చె... చెప్పనిస్తేగా!"

వాళ్ళు నవ్వుతోంది తన నత్తికి కాదు, తన మాటకి. పాటలాయనకి ఆ తేడా తెలిసింది, తెలిసి ఒళ్ళంతా సంతోషంతో పులకరించింది. ఇక ఆగదలుచుకోలేదు.

"రే... రేపట్నుంచి ఈవిడ..."

అక్కడ ఇరుక్కుపోయింది. ఎంత నెట్టినా మాట ముందుకి కదలదు. మెడనరాలు ఉబ్బాయి. చూడలేకపోయారు జనం. మంచివాళ్ళే పాపం, సాయానికొచ్చారు.

"ఇంటిపట్టున ఉంటుంది!" అన్నాడొకాయన.

తల అడ్డంగా ఊపాడు.

"విశ్రాంతి తీసుకోవాలంటారు!" అన్నాడు మేనేజరు.

కాదు.

"మనవలతో ఆడుకోవాలి! ఊళ్ళు చూడాలి!"

కాదు, కాదు. అప్పుడు ఎంక్వైరీ అక్క లేచి నిలబడింది. ఇక ఆ మాట ఏదో ఆవిడే చెప్పేస్తుందని అందరూ అటు తిరిగారు. పాటలాయన కూడా అదే అనుకున్నాడు, ఆయన చెయ్యి మైకు కర్ర మీంచి జారిపోయింది. ఆవిడ మాత్రం మొగుడి వైపు తిరగలేదు. జనం వైపు తిరిగింది.

"మీరంతా కాస్త నోళ్ళు మూసుకుంటారా? ఆయన మాట్లాడుతున్నారు."

అని మళ్ళీ కూర్చుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని ఆయన వైపు చూసింది.

కింద ఏదో బస్సు హారన్ కొట్టింది. ఆ బస్సు తియ్యాల్సిన డ్రైవరు గుమ్మంలోనే నిలబడ్డాడు గానీ కదల్లేదు. పాటలాయన మళ్ళీ మైకు పట్టుకున్నాడు. ఈసారి మాటని నెట్టలేదు, అది వచ్చేదాకా ఊరుకున్నాడు.

"రేపట్నుంచి సె... సెలూన్‌కి రా. వచ్చి నా పక్కన కూ... కూర్చో. నాకు నీతో మా... మాట్లాడాలని ఉంది."

ఎంక్వైరీ అక్క కళ్ళలో నీళ్ళు బొటబొటా రాలాయి. తుడుచుకోలేదు. రోజుకి వందమందికి జవాబులు చెప్పిన మనిషికి, ఆ క్షణాన ఒక్క ప్రశ్నే మిగిలింది.

"ఎప్పట్నుంచి ఉందండీ?" అని అడిగింది.

"మొ... మొ..."

ఆవిడ పెదవి కదిలింది. పళ్ళ కింద నొక్కిపట్టి, ఆయన మొహంలోకే చూస్తూ ఆగింది.

"మొదట్నుంచీ" అన్నాడాయన.